ఒక్టేవ్ నదిని వెనక్కి తిప్పిన కథ

"నేను మొదటిసారి బ్యాండు వెంట పడ్డప్పుడు నాకు తొమ్మిదేళ్ళు," అన్నాడు ఒక్టేవ్ దుప్లెసీ, చర్చి తలుపు వైపు ఓ కన్నేసి. తలుపు మూసే ఉంది. అది మూసి ఉన్నంతసేపూ మాట్లాడవచ్చు.

న్యూ ఆర్లియన్స్‌లో, ట్రెమే పేటలో, క్లోటిల్డ్ నడిపే కాఫీ కొట్టు అరుగు మీద బ్యాండువాళ్ళు నల్లకోట్లలో చెమటలు కక్కుతూ కూర్చున్నారు. పొద్దున పది కాకముందే ఆ ఎండ. వీధికి అవతల చర్చిలో వాళ్ళ నేస్తం లూసియన్ శవపెట్టెలో పడుకుని ప్రసంగం వింటున్నాడు. బతికుండగా అతను ఏ ప్రసంగమూ అంతసేపు విన్న పాపాన పోలేదు. అది ముగిశాక పెట్టెను మోసుకొస్తారు. గుమ్మంలో మొదటి కీర్తన క్లారినెట్ ఒంటరిగా అందుకోవాలి. తక్కిన బ్యాండు ఆ తర్వాతే. ఆ క్లారినెట్ ఒక్టేవ్‌ది.

రెండు నెలల కిందట ఆసుపత్రి మంచం మీంచి లూసియన్ అతని మణికట్టు పట్టుకుని, "గుమ్మంలో నువ్వే వాయించాలిరా. ఇంకెవడన్నా మొదలెట్టాడో, పెట్టెలోంచి లేచొచ్చి తంతాను," అన్నాడు. ఒక్టేవ్ సరేనన్నాడు. అప్పటికింకా అతనికి పై పళ్ళున్నాయి. మూడు వారాల కిందట అవన్నీ పీకించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. ఆనాటి నుంచీ స్నానాల గది తలుపు కింద తువ్వాలు కుక్కి సాధన చేస్తున్నాడు. క్లారినెట్‌లోంచి గాలి వస్తోంది గాని స్వరం రావడం లేదు. పళ్ళ సెట్టు మాత్రం ఊడి వస్తోంది. ఎవరికీ చెప్పలేదు. యాభై ఏళ్ళుగా ఇదే అరుగు మీద తన ఊపిరి గురించి కోతలు కోసినవాడు, డెబ్బై నాలుగో ఏట వెళ్ళి ఏమని చెబుతాడు?

అందుకని కథ చెబుతున్నాడు.

"మా అమ్మ రొట్టె తెమ్మని పంపింది. వీధి మలుపులో బ్యాండు ఎదురైంది. డోళ్ళూ బాకాలూ నేల మీద నడుస్తుంటే, క్లారినెట్ ఒక్కటి వాటి నెత్తిన పిట్టలా ఎగురుతోంది. అంతే, రొట్టె మాట మర్చిపోయి సాయంత్రం దాకా వెంట నడిచాను."

"అది మేమంతా చేసిందేగా," అన్నాడు పర్నెల్. పెద్ద డోలు అతనిది. పొట్టా డోలూ ఎక్కడ విడిపోతాయో చెప్పడం కష్టం.

"మీరంతా సాయంత్రానికి ఇళ్ళకెళ్ళారు. నేను మూడు రోజులు నడిచాను. బ్యాండు ఆగిపోయాక కూడా నడిచాను, చెవిలో అది ఆగలేదు మరి. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? మా తాత అటక మీద పాత క్లారినెట్ ఒకటి దొరికింది. అయిదు మీటలు లేవు. ఆ కన్నాలు నమిలిన చూయింగ్ గమ్‌తో మూశాను. ఇక గురువెవరు? దోమలు. చిత్తడి పక్కన కూర్చుని ఏ దోమ ఏ స్వరంలో పాడుతుందో పట్టేసేవాణ్ణి. వారం తిరిగేసరికి అవే నా దగ్గరికొచ్చి శ్రుతి సరిచూసుకునేవి."

"కుట్టేవి కావా?" అంది క్లోటిల్డ్, కప్పులో కాఫీ నింపుతూ.

"గురువుని కుడతాయా? ఆ గౌరవం వాటికుంది. పక్కన కూర్చున్న మా చెల్లెల్ని కుట్టేవి."

చర్చి తలుపు కదిలింది. తెల్ల చేతితొడుగుల మనిషి ఒకడు బయటికొచ్చి, మొహం తుడుచుకుని, మళ్ళీ లోపలికి పోయాడు. ఒక్టేవ్ నాలుకతో పళ్ళ సెట్టును పైకి నొక్కి పట్టాడు. అది కాసేపు నిలిచి, జారింది.

"పదిహేనో ఏట," అన్నాడు గబగబా, "నది గట్టు మీద నిలబడి ఒక్క స్వరం పట్టాను. ఒక్కటే. అటుగా పోతున్న ఓడ కెప్టెను అది తన ఓడ కూతే అనుకుని ఒడ్డుకి తిప్పేశాడు. వెనకాల వస్తున్న ఓడలూ తిరిగాయి. అన్ని ఓడలు తిరిగితే నీళ్ళు మాత్రం ఏం చేస్తాయి? మిసిసిపీ వెనక్కి నడిచింది. ఎగువన మెంఫిస్‌లో జనం వంటింట్లోనే చేపలు పట్టుకున్నారట."

"సముద్రం మీంచి వచ్చే గాలివానల్ని కూడా నువ్వే ఆపి ఉంటావు," అన్నాడు పర్నెల్.

"ఒక్కదాన్నే ఆపాను. ఎందుకులే అని చెప్పలేదు."

"ఏ గాలివాన? పేరు చెప్పు."

"పేరు పెట్టకముందే వెనక్కి పంపేశాను. అందుకే నీకు తెలీదు."

అరుగంతా నవ్వింది. ఒక్టేవ్ కూడా నవ్వి, పళ్ళు జారడంతో మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చర్చిలోంచి 'ఆమెన్' అని వినిపించింది. ప్రసంగాల్లో ఆమెన్లకు ఒక లెక్క ఉండదు. ముగిసిందనుకుంటాం, పాదిరి నీళ్ళు తాగి మళ్ళీ మొదలెడతాడు. అయినా ఒక్టేవ్ ఆలస్యం చెయ్యకుండా ఇంకోటి అందుకున్నాడు.

"అసలు సంగతి చెప్పలేదు. ఓసారి శ్మశానంలో వాయిస్తున్నాను. పక్క సమాధి గోడలోంచి టక్, టక్ మని చప్పుడు. చెవి పెట్టి విన్నాను. లోపలున్నాయన తాళం వేస్తున్నాడు. వెయ్యనీ, సంతోషమే. కాని మన ఊళ్ళో తాళం రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద కదా, ఆయన ఒకటో దెబ్బ, మూడో దెబ్బ మీద వేస్తున్నాడు! ఒళ్ళు మండి వాద్యం ఆపి, 'అయ్యా, చచ్చిపోయినంత మాత్రాన రెండూ నాలుగూ మర్చిపోతారా?' అని అడిగాను."

"ఏమన్నాడు?"

"సిగ్గుపడి ఊరుకున్నాడు. ఈ ఊరివాడు కాదులే పాపం."

ఈసారి నవ్వు వీధి దాటింది. ఆ నవ్వులో చేరని మనిషి ఒక్కర్తే. లూసియన్ కూతురు ఓడిల్. ప్రసంగం మధ్యలో బయటికొచ్చి, సాక్సఫోన్ ఒళ్ళో పెట్టుకుని చివరి మెట్టు మీద కూర్చుంది. వచ్చినప్పటి నుంచీ నోరు విప్పలేదు. తండ్రి పోయిన దుఃఖం కదా అని ఎవరూ పలకరించలేదు.

ఇప్పుడామె నోట్లోంచి సన్నని రెల్లు బద్ద బయటికి తీసింది. వాద్యం మూతికి బిగించే రీడు.

"ఒక్టేవ్ బాబాయ్, నీ రీడేది?"

"జేబులో ఉంది."

"అరగంట నుంచి మాట్లాడుతూనే ఉన్నావు. కాసేపట్లో వాయించబోయేవాడికి అది నోట్లో నానుతూ ఉండాలి. అది నోట్లో ఉంటే ఇంత కథ చెప్పలేవు. వాయించే ఉద్దేశం లేదా?"

పర్నెల్ డోలు మీంచి చెయ్యి తీసేశాడు.

ఒక్టేవ్‌కి ఇంకో కథ తోచలేదు. "పళ్ళమ్మా," అన్నాడు చివరికి. "పైవన్నీ పోయాయి. మూడు వారాలుగా ఒక్క స్వరం పలకలేదు. నువ్వు మొదలుపెట్టు. మీ నాన్న లేచొచ్చి తంతే తన్నించుకుంటాను."

ఓడిల్ అయ్యో అనలేదు. "క్లారినెట్ మూతిని నోట్లో ఎలా పట్టుకుంటున్నావు? పై పళ్ళు ఆనించా?"

"ఎప్పుడూ అలాగేగా."

"ఆనించకు. కింది పెదవి మడిచినట్టే పై పెదవీ మడిచి, రెండు పెదాల మధ్య పట్టు. పై స్వరాలకి పోకు. కిందివాటికి కొరికి పట్టక్కర్లేదు."

"కింద వాయిస్తే ఎవరికి వినిపిస్తుందే? నా క్లారినెట్ ఎప్పుడూ అందరికన్నా పైనే..."

"తెలుసు. రెండో చరణంలో నేనందుకుంటాను, పై స్వరాల సంగతి నాకొదిలెయ్. మొదలెట్టడం మాత్రం నువ్వే. నాన్న నన్నడగలేదు, నిన్నడిగాడు."

ఒక్టేవ్ రీడు తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"యాభై ఏళ్ళు," అన్నాడు పర్నెల్ క్లోటిల్డ్‌తో. "ఈయన నోరు మూయించడం ఇంత సులువని తెలిస్తే ఆ రీడు ఎప్పుడో నేనే పెట్టేవాణ్ణి."

చర్చి తలుపులు రెండూ తెరుచుకున్నాయి.

అందరూ లేచి గుమ్మానికి రెండు పక్కలా నిలబడ్డారు. ఊరేగింపుకు ముందు నడిచే పెద్దమనిషి టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. పెట్టె మొదటి మెట్టు దిగింది. ఒక్టేవ్ రెండు పెదాలూ మడిచి ఊదాడు. గాలి వచ్చింది. రెండో మెట్టు. మళ్ళీ గాలే. ఓడిల్ అతని వైపు చూడలేదు, సాక్సఫోన్ ఎత్తనూ లేదు. మూడో మెట్టు మీద, ఊపిరి చివర్న, పక్కగదిలోంచి ఎవరో మనిషిని పిలిచినట్టు బొంగురుగా, వణుకుతూ, కింది స్వరం ఒకటి పలికింది. దాని వెనకాల ఇంకొకటి. వీధిలో చేరిన జనం వెనక వరసలో ఒక ముసలావిడ, "ఇంకా మొదలెట్టలేదేం?" అని అడుగుతోంది. పెట్టె అతని ముందు నుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోయింది.

రెండో చరణంలో ఓడిల్ అందుకుంది. ఆ తర్వాత బాకాలూ, డోళ్ళూ. ఊరేగింపు కదిలింది.

మొదటి మలుపు దగ్గర కీర్తన ఆగి, డోలు ఒక్కటే అడుగులకు మోగుతున్నప్పుడు, పర్నెల్ వెనక నుంచి గొంతు తగ్గించి అడిగాడు. "ఒక్టేవన్నా, ఇది ఎంత దూరం వినిపించిందంటావు?"

ఒక్టేవ్ మూతి తుడుచుకున్నాడు. వీధికి రెండు వైపులా జనం, అందరూ ఎరిగినవాళ్ళే.

"పెట్టె దాకా," అన్నాడు.