మంచం కింద చలికాలం

హలో… ఆ, నేనే.

…మెల్లిగానే మాట్లాడతాను… లేదు, గొంతుకేం కాలేదు… ఎక్కడున్నానా? సెలూన్లో. నువ్వు కూర్చోమన్న చోటే… అంటే… సెలూన్ లాంటి చోటు. చల్లగా ఉంది.

కత్తెర చప్పుడా? ఆయన భోజనానికి లేచాడు—

సరే సరే, అరవకు! ఎదురింటివాళ్ళు ఏమనుకుంటారు… వాళ్ళింట్లో కూర్చుని వాళ్ళ ముందే మొగుణ్ణి తిడతావా? చెప్పేస్తున్నాను. అబద్ధం నాకు రెండో వాక్యం దాకా రాదు, నీకు తెలుసుగా.

ఇంట్లోనే ఉన్నాను.

…మన ఇంట్లోనే. మేడ మీద, పడమటి గదిలో… మంచం కింద.

…

ఏమోయ్? ఉన్నావా?

…అది నవ్వా, ఏడుపా?… రెండూనా. సరే.

నా తప్పేముందోయ్! ఇల్లు చూడ్డానికొచ్చేవాళ్ళకి ఈ గది చల్లగా తగలాలన్నది నువ్వు. మంచం కింద టబ్బు పెట్టి, దాంట్లో ఐసు దిమ్మ వేసి, వెనక టేబుల్ ఫ్యాన్ తిప్పమన్నావ్… తిప్పాను. దుప్పటి నేలదాకా దించమన్నావ్… దించాను. డాబా మీద నీళ్ళు కొట్టమన్నావ్… కొట్టాను. కొట్టిన నీళ్ళు కొట్టినట్టే ఆవిరైపోయాయి. గది చల్లగా ఉండాలి, నేను మాత్రం ఉండకూడదు… అదేగా మన ఒప్పందం?

వెళ్ళానోయ్. ఒట్టు. సెలూన్‌కి వెళ్ళాను. ఉన్న నాలుగు వెంట్రుకలు ఎంతసేపని కత్తిరిస్తాడు? దువ్వాడు కూడా. లేనిచోట కూడా దువ్వాడు, పాపం. ఇంక కుర్చీ ఖాళీ చెయ్యమని కళ్ళతోనే చెప్పాడు.

వచ్చి చూద్దును కదా, ఐసు కరిగిపోయింది. ఇంకో దిమ్మ తెచ్చి టబ్బులో వేస్తున్నాను… మెట్ల మీద బ్రోకరు గొంతు! చెప్పిన టైము కంటే ముందే తగలడ్డాడు. తలుపు దగ్గర వాళ్ళు, కిటికీకి ఊచలు. ఇంక మంచం తప్ప దిక్కేది?

…ఎదురుగా వచ్చి నమస్కారం పెట్టొచ్చుగానా? భలేదానివే! కొనేవాళ్ళ కళ్ళబడొద్దని నన్ను వెలేసింది ఎవరు?

…ఆ, పోయినసారి వచ్చినవాళ్ళ సంగతే. వేసవిలో పై గది ఎలా ఉంటుందండీ అన్నారు. చెప్పాను… కొవ్వొత్తి సంగతి చెప్పకుండా ఉండాల్సింది, ఒప్పుకుంటాను. కానీ వంగింది కదా! అల్మారా మీద నిటారుగా నిలబెట్టాను, సాయంత్రానికి నడుం వంచి దండం పెట్టింది… అవును, వాళ్ళూ దండం పెట్టే వెళ్ళారు.

…అంతకుముందు వాళ్ళకి గోడ చెమ్మ చూపించానా? వాళ్ళు అడిగారోయ్!… అడగలేదా? అయితే నేనే చూపించి ఉంటాను.

ష్… ఆగు. ఇటొస్తున్నారు.

…

పాదాలే కనపడుతున్నాయి. ఒకాయనకి నీలం సాక్సులు… బొటనవేలు చిల్లులోంచి బయటికొచ్చి మనిల్లు చూస్తోంది. ఎర్ర గోళ్ళతో ఒకావిడ… ఆయన ఎటు నడిస్తే దానికి ఎదురువైపు నడుస్తోంది. భార్యే. బ్రోకరు పాదాలకి పౌడరు రాసుకున్నాడోయ్!… వెనకాల ఇంకొకావిడ. పెద్దావిడ. సాక్సులాయన వాళ్ళమ్మ కాబోలు. పాదాలు వాచిపోయి ఉన్నాయి… నీ పాదాల్లాగే.

…ఏమంటున్నారా? ఉండు… 'అబ్బ, ఇంత చల్లగా ఉందేంటి' అంటోంది ఎర్ర గోళ్ళు… 'గోడలు మందమండీ, గాలివాటం అలాంటిది' అంటున్నాడు బ్రోకరు. గాలివాటమట! ఆ గాలంతా నా వీపు మీంచే పోతోంది. ఊరు ఊరంతా చెమటలు కక్కుతుంటే నేను ఇక్కడ పళ్ళు టకటకలాడిస్తూ వణుకుతున్నాను.

…చల్లగా జారుకోమంటావా? ఇంకా ఎంత చల్లగానోయ్!

అమ్మో—

కూర్చుంది. పెద్దావిడ మంచం మీద కూర్చుంది. నవారు దిగి నా ముక్కుకి తగులుతోంది… నువ్వు నవ్వకు. నాకు తుమ్మొచ్చేలా ఉంది.

…హమ్మయ్య. వాళ్ళు ముగ్గురూ కిందికి వెళ్తున్నారు, వంటిల్లు చూస్తారట. ఆవిడ ఇక్కడే ఉంటుందట, చల్లగా ఉందని… లేదులే, ఆవిడకి వినపడదు. బ్రోకరు ప్రతి మాటా ఆవిడ చెవి దగ్గర రెండుసార్లు అరుస్తున్నాడు. అందుకేగా ఇంత ధైర్యంగా మాట్లాడుతున్నాను.

…నచ్చినట్టే ఉందోయ్. ఎర్ర గోళ్ళావిడ కర్టెన్ల రంగు దాకా వెళ్ళిపోయింది…

…ఏం లేదు… ఏం లేదన్నానుగా… సరే, ఒకటి విన్నాను. ఈ గది పెద్దావిడకట. కింది గదిలో కోడలు ఆఫీసు పెట్టుకుంటుందట. 'అత్తయ్యా, ఎండల్లో మీకిక్కడ హాయిగా ఉంటుంది' అంది. వెటకారంగా కాదు, ప్రేమగానే అంది. నమ్మింది పాపం… మన ఐసుని నమ్మింది.

…

మనం చేస్తున్నది బాగుందంటావా?

…తెలుసు. మనం కొనాలనుకున్న ఆ మెట్లు లేని ఇంటివాళ్ళు ఆదివారం దాకానే ఆగుతామన్నారు, తెలుసు. నాకూ ఆ ఇల్లే కావాలోయ్. గుమ్మం దాటితే వీధి… నువ్వు ఈ గదిలో అడుగుపెట్టి ఏడాది దాటిపోయింది. ఇక్కడ కూర్చుని పేపరు చదివేటప్పుడు ఎదురు కుర్చీ చూస్తే నాకు దిగులుగా ఉంటుంది. నువ్వు మోకాలు పట్టుకుని మూలుగుతుంటే ఏడుపొస్తుంది… ముందెప్పుడూ చెప్పలేదు, నువ్వు ఆటపట్టిస్తావని.

…సరే. నోరు మూసుకుంటాను. నీకోసం. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా మంచం కోడులా పడుంటాను. సరేనా?

…ఓయ్.

ఆవిడ కాలు కిందికొచ్చింది… దుప్పటి పక్కకి నెట్టింది… వెతుకుతోంది… చెప్పులు కిందే వదిలి వచ్చారే, దేనికోసం… టబ్బు అంచు దొరికింది… పెట్టిందోయ్! ఐసునీళ్ళలో కాలు పెట్టింది!… రెండోది కూడా!

'అమ్మయ్య' అంటోంది.

…ఏంటండీ?… నీతో కాదు, ఉండు… ఏంటమ్మగారూ?… ఆ… ఇక్కడే ఉన్నానండీ… దిమ్మ ఇటు జరపాలా? జరుపుతానండీ… చాలా?… ఇంకొంచెమా?

ఏమోయ్! ఆవిడకి వినపడుతుంది!… సుబ్బరంగా వినపడుతుందట. వినపడదని ఇంట్లోవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అనుకున్నారట, ఈవిడ కాదనలేదట. అప్పట్నుంచీ అన్నీ వినపడుతున్నాయట.

…మొత్తం విన్నదట. కొవ్వొత్తి కూడా… నవ్వుతోంది… అమ్మగారూ, కాస్త మెల్లిగా నవ్వండి, నవారు నా ముక్కు—

ఏమోయ్, నీ మోకాలు కుడిదా ఎడమదా అని అడుగుతోంది… ఎడమదండీ. చలికాలంలో రెండూ… ఈవిడకి రెండూనట, అన్ని కాలాలూనట. మోకాలికి ఏం మందు రాస్తున్నావంటోంది… తర్వాత చెప్తుందిలెండి, ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటోంది… నవ్వేనండీ, నవ్వే.

…ఉండు, ఏదో చెప్తోంది.

…

…అబ్బో.

విను. ఆవిడకి కింది గది కావాలట. పెరటి కిటికీ ఉంది చూడు, మన పడకగది. లోపలికొస్తూ చూసిందట, అప్పట్నుంచీ ఆ కిటికీ మీదే మనసట. తను అడిగితే మొండితనం అంటారట, ఇంటాయన చెప్తే సలహా అంటారట. అందుకని నేను బయటికొచ్చి ఈ గది సంగతి కొడుక్కి చెప్పాలట… మొత్తం, కొవ్వొత్తితో సహా. ఆ తర్వాత కొడుకుని ఈ ఇంటికి ఒప్పించే పూచీ ఆవిడది.

…చెప్పకపోతేనా? అడిగాను. మంచం కింద మగాడున్నాడని కేకలేస్తుందట.

…ఏమంటావ్?

…మళ్ళీ అను. లైన్ సరిగ్గా లేదు… నిజం చెప్పేయమంటున్నావా? నువ్వేనా ఆ మాట అనేది?… 'మీకు చేతనైన పని అదొక్కటేగా'… అవునోయ్, అదొక్కటే. అయినా ఆదివారం—

…సరే. ఆదివారం మాటెత్తను. పెద్దావిడ్ని ఈ గదిలో వేయించి మనం సుఖపడొద్దు. మంచిమాటన్నావ్… నిజంగా మంచిమాటన్నావోయ్.

వస్తున్నారు. మెట్లు… సాక్సులు వచ్చేశాయి… గోళ్ళు… పౌడరు… ఏమోయ్, ముక్కు… హా… హా… హాఛ్—!

…

నమస్కారమండీ… భయపడకండమ్మా, దొంగని కాను, ఇంటివాణ్ణి… ఆ, ఈ ఇంటివాణ్ణే… మంచం కింద ఐసు ఉందండీ. చూడండి. బ్రోకరుగారూ, మీరు ముందు కూర్చోండి, పడిపోయేలా ఉన్నారు… గాలివాటం కాదమ్మా, ఇదిగో ఈ టబ్బు. ఇది తీసేస్తే సాయంత్రానికి ఈ గదిలో కొవ్వొత్తి నిలబడదు. నేను నిలబెట్టి చూశాను. ఆ గోడకి వానాకాలంలో చెమ్మ దిగుతుంది… బ్రోకరుగారూ, మంచినీళ్ళు అటు ఉన్నాయి.

…ఎందుకమ్ముతున్నామా? మా ఆవిడ మెట్లెక్కలేదు బాబూ. ఇంకే కారణం లేదు. కింది గదులు మటుకు బంగారం.

…మీ అమ్మగారూ ఎక్కలేరు. మీరు ముగ్గురూ మాట్లాడుకుంటూ ముందొచ్చేశారు, మీకు తెలీలేదు. నేను నేలకి చెవి ఆనించి పడుకున్నాను. ఆవిడ మెట్టు మెట్టుకీ ఆగారు. ఆగి, మీకు వినపడకుండా ఊపిరి పీల్చుకున్నారు. ఆ చప్పుడు నాకు తెలుసు బాబూ. మా ఇంట్లో రోజూ వినేదే.

…

ఏమోయ్, ఉన్నావా?… సాక్సులాయన నేల మీద కూర్చుని వాళ్ళమ్మ పాదాలు చూస్తున్నాడు. ఎర్ర గోళ్ళావిడ చున్నీతో తుడవబోయింది… ఇంకాసేపు నాననివ్వమంటోంది పెద్దావిడ. ఇటు తిరిగి నాకు కన్ను కొట్టింది!

…ఏంటమ్మా?… అత్తయ్యకి కింది గదా? చూపిస్తాను, రండి… ఆఫీసు ఇక్కడ పెట్టుకుంటారా? పెట్టుకోండి, కానీ ఏసీ పెద్దది కొనుక్కోండమ్మా… చిన్నది సరిపోదు.

…

విన్నావా? వినపడలేదా? బ్రోకరు ఎగిరిపడ్డాడు, అంత గట్టిగా అంది… 'ఇల్లు ఇదే' అంది పెద్దావిడ. కొడుకు సరేనన్నాడు. శనివారమే వచ్చి ఖాయం చేసుకుంటారట… శనివారమోయ్!… గంతులేయకు, మోకాలు!

నువ్వు ఎదురింట్లోంచి మెల్లిగా వచ్చెయ్. పైకి రాకు, కింది గదిలో కూర్చో. మేమే దిగుతున్నాం… కొడుకు ఒకవైపు, కోడలు ఒకవైపు పట్టుకున్నారు. ఆగి ఆగి దిగుతున్నారు. కాస్త టైము పడుతుంది.

…ఏంటమ్మగారూ?… ఇది కూడానా?… ఏమోయ్, టబ్బు కిందికి తెమ్మంటోంది. నీ కాళ్ళకీ చోటుందట. ఫోన్ పెట్టేస్తున్నా, దీనికి రెండు చేతులూ కావాలి—