రెండు రోజుల వాసన

హలో… ఆ, నేనే… సిద్ధరాములు బావనే! ఇంత ముక్కుతోని మాట్లాడెటోడు దాజీ పేట్‌ల ఇంకెవడున్నడు రా ప్రతీక్?

రిపోర్టా… వచ్చింది. మీ మెడికల్ షాపు ముంగట బాజా పెట్టియ్యి… ఏం లేదని వచ్చింది! నా రక్తం గంగనీళ్ల లెక్క సాఫ్!

…సంబురపడకు. ఆగు.

ముక్కుల గడ్డలు రెండుసార్లు కోసిండ్రు గదా… ఆ, మళ్ల మొలిచినయ్. అందుకే ఈ డాక్టరమ్మ, ముందుగాల రక్తం జూస్త, వాపు ఏ తీరుదో తెలుస్తది అన్నది… ఇసినోఫిల్ కణాలంట. అవి ఎక్కువుంటే ఒక తీరు, దానికి మందు వేరే. లేకుంటే ఇంకో తీరు.

రిపోర్టు జూసి నా మొకం జూసింది. ముక్కు ఒకటి చెప్పవట్టె, రక్తం ఇంకోటి చెప్పవట్టె. "గోళీలేమన్న మింగినవా కాకా?" అన్నది… లేదన్న. మూడుసార్లు లేదన్న!

…నాలుగోసారి చెప్పిన. "మా డాక్టర్ సాబ్ బామ్మర్ది ఇచ్చిండు" అని… ఏ కాలేజి అని అడిగింది. మెడికల్ షాపుల గల్లా కాడ కూసుంటడన్న… లేదు, నవ్వలే.

స్టెరాయిడ్ అంట రా అది! కడుపుల పడంగనే ఆ కణాలు, పోలీసు జీపు జూసిన పేకాటగాళ్ల లెక్క మాయం! ఆ రిపోర్టు నమ్మితే ఉల్టా మందు రాస్తుండె… నెల దాంక గోళీ ముట్టద్దన్నది. మళ్ల రక్తమియ్యాలె.

…నేనడిగితేనే ఇచ్చినవ్, ఒప్పుకుంట. ఋతుజను తొట్లెల ఏసే రోజు… ఆ, గందుకే. మనుమరాలి వాసన జూడాలని.

…వింటున్నవా?

పదకొండేండ్లాయె నాకు వాసన లేక. గంజి లేదు, మాడిన రొట్టె లేదు. నీ గోళీలు మింగినంక ఆ రెండు రోజులు వాసన వచ్చింది… పిల్ల తల మీద ముక్కు పెట్టిన. నూనె, పాలు, సాంబ్రాణి… ఏడ్చిన రా. బట్ట నేసే సాంచాల కాడికి పోయి ఏడ్చిన, ఆ సప్పుడుల ఎవ్వరికి వినవడదని.

…ఇప్పుడా? మళ్ల బంద్.

తిట్టనీకె చెయ్యలే ఫోను. ఇంకో రెండు గోళీలు నా అంగి జేబులనే ఉన్నయ్. వచ్చి తీస్కపో… పారెయ్యాల్నా? పారేస్తే మళ్ల ఏరుకుంట, నా సంగతి నాకెరుక లేదా!… మీ అక్కకిచ్చుడేంది, మీ అక్క చేతుల పిల్ల ఉన్నది. పిల్లకు తానం అయింది. ఇటే తెస్తున్నది…

షాపు ఎవరికన్న అప్పజెప్పు. బండి తియ్యి ప్రతీక్… లేదు, పరాష్కం గాదు.

ఆ… తే చంద్రభాగా, నా ఒళ్లె పెట్టు—

ఫోను పెడుతున్న. చెయ్యి జేబుల వడకుండ పిల్లను రెండు చేతులతోని పట్టుకుంట. నువ్వొచ్చేదాంక దించను… జల్ది రా.