మీ అక్క లైవ్‌లో, నేను లైన్‌లో

హలో… ఆ, నేనేరా బామ్మర్దీ, మీ బావని! అర్జంటు!

…లేదురా, ఇల్లేం కాలట్లేదు. టీవీ కుంటుతోంది! మీ అక్క క్విజ్ లైవ్ మొదలైపోయింది. ముక్కు ముందొచ్చింది, మూతి ఇంకా దార్లో ఉంది!

…ఆ, నువ్వు బిగించిన మీడియా ప్లేయరే. "రికార్డు ఆగకూడదు, అతుకులు పడకూడదు, నేను బస్సు నడిపినంత నున్నగా రావాలి" అని మరీ చెప్పి వెళ్లింది డ్రైవరమ్మ. గెలిస్తే గోడంత టీవీ అటరా!

…సెట్టింగ్స్… లైవ్ టీవీ… ఆ, నొక్కా. బఫరా? నాకు తెలిసింది బకరా ఒక్కటే, ప్రస్తుతం అదీ నేనే!

…ఓహో, ముందు కాస్త నింపుకుని తర్వాత చూపిస్తుందా? తొట్టి నిండాక కుళాయి తిప్పినట్టన్నమాట! ఎంత పెట్టను?

…కొంచెమంటే నాకు ఆనదురా. చివరిదాకా లాగేశా. అర నిమిషం!

…ఒరేయ్! నడుస్తోంది! నున్నగా! మీ అక్క ముక్కూ మూతీ ఒకే మొహంలో ఉన్నాయి!

…రికార్డా? ఎర్రచుక్క… వెలిగింది! డిస్కులో చోటుంది, ఇక నాకు రిస్కు లేదు! గంతులేస్తున్నా, కింద వాటావాళ్లు తిట్టుకోనీ!

…ఫోను ఖాళీగా ఉంచాలా? తెలుసులేరా. ఆఖరి ప్రశ్నకి చిక్కొస్తే జవాబడగడానికి ఈ నంబరుకే ఫోన్ చేయిస్తానంది. కళ్లెదుటే టీవీ ఉందిగా! ఆవిడ "మా ఆయన" అనగానే ఠక్కున పెట్టేస్తా.

…ఇప్పుడే ఎందుకూ? ఆవిడింకా మంచినీళ్లు తాగుతుంటేనూ!

…అరవకురా, చెవి పోతోంది. ఇదిగో, గ్లాసు కింద పెట్టింది…

…నీ టీవీలోనా? ఏమంటోంది? నాకు ఫోన్ కలిపారా? ఎంగేజా? నా టీవీలో ఇంకా మూతి తుడుచుకుంటోందే—

…అర నిమిషం వెనకా… ఓరి నా బఫరో!

…"ఎవరితో సొల్లు కొడుతున్నాడో మహానుభావుడు" అందా? అంతమంది చూస్తుండగా?

…ఒరేయ్, ఇదంతా రికార్డవుతోందిరా! అదీ ఎంత నున్నగానో! గెలిచి గోడంత టీవీ తెచ్చిందంటే అందులో మొదట వేసేది ఇదే! ఆ ఎర్రచుక్క ఆర్పడం ఎలాగో చెప్పు—

…మళ్లీ కలుపుతున్నారా? పెట్టేస్తున్నా! నువ్వు ముందు పెట్టు! కాదు, నేనే పెట్టే—