నైట్ డ్యూటీ నిద్ర

విశాఖలో ఓ ఆస్పత్రి, ఎమర్జెన్సీ వార్డు. స్ట్రెచర్ మీద స్టీల్ ప్లాంటు క్రేన్ ఆపరేటర్ కామరాజు. ఎదురుగా డాక్టర్ నీలిమ. పక్కన తన తమ్ముడు ఉమాశంకర్ ఉన్నాడన్న సంగతి కూడా కామరాజు భార్య గంగాభవానికి గుర్తులేదు.

“ఇప్పుడేనమ్మా! అరగంట కూడా అవ్వలేదు. నాతో నవ్వుతా మాటాడుతూ కూలబడిపోనారు.”

“ఏం మాట్లాడారు?”

“ఏటో... ఇంటి మాటలు.”

“గంగాభవానిగారూ, స్కాన్ చూశాను. మెదడుకెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. అందుకే కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది. ఇది మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.”

“మరి ఇచ్చీండమ్మా! ఇంకా సూస్తారేటి?”

“టైము తప్పు చెబితే ఆ మందుకే మెదడులో రక్తం చిమ్ముతుంది. ప్రాణం పోతుంది. మళ్లీ అడుగుతున్నాను. ఆయన్ని బాగుండగా ఆఖరిసారి ఎప్పుడు చూశారు?”

“సెప్పాను కదా, ఇప్పుడే...”

“అప్పా, నిజం సెప్పీ.”

“నువ్వే కదరా ఆటోలో, ఇప్పుడే అని సెప్పు, లేకపోతే సూడరు అన్నావు!”

“పేణం పోద్దంటే ఎలా సెప్తానే? మేడమ్, బావది నైట్ డ్యూటీ. పొద్దున్నే వచ్చి పడుకున్నాడు. మద్దేనం అన్నానికి లేపబోతే ఇలాగున్నాడు.”

“మధ్యలో ఎవరూ చూడలేదా?”

“ఎలా సూస్తామమ్మా? క్రేన్ మీద కూకునే మనిషి. నిద్ర సాలకపోతే కింద నలుగురి పేణాలు పోతాయి. మా క్వార్టర్సులో నైట్ డ్యూటీ మనిషిని ఎవులూ లేపరు. తలుపు గెడేసి పిల్లల్ని బయటికి తోలేశాను. కుక్కర్ కూడా ఎట్టలేదు.”

“నీళ్లడిగారా? బాత్రూముకి లేచారా? పడుకున్నాక బాగున్నారని ఒక్క గుర్తు చాలు, ఇచ్చేస్తాను.”

“నేదు...”

“నేదంటావేటప్పా! ఆలోసించు!”

“ఉంటే సెప్పనేటిరా!”

“అయితే పడుకున్న టైమే లెక్క. అది ఎప్పుడో దాటిపోయింది. ఇంజెక్షన్ ఇవ్వలేనమ్మా. మిగతా వైద్యం మొదలుపెడతాను... ఆ ఎడమ చేతికి కట్టు కట్టిస్తాను. కణుపులన్నీ చిట్లిపోయాయి. ప్లాంటులో తగిలిందా?”

“నేదమ్మా. రాగానే నానే నీల్లు పోశాను. సేతులు బాగానే ఉన్నాయి.”

“మంచం గోడకి ఆనించి ఉంటుందా?”

“ఉంటాది మేడమ్, ఎడంపక్క. గోడకి అవతల పోతమ్మోల్లు. అవునే అప్పా, మనం ఆటో ఎక్కేటప్పుడు పోతమ్మ ఏడస్తన్నాదేటి? నువ్వు తిట్టావంట?”

“గోడ మీద ఒకటే గుద్దులురా... ఆయన నిద్ర సెడిపోద్దని ఎల్లి ఆవిడ మీద పడ్డాను. నాను కాదు భవానీ, మీ ఇంట్లోంచే అంది. అబద్దాలాడకని తిట్టేశాను. తిరిగొచ్చేతలికి సప్పుడు ఆగిపోనాది. హమ్మయ్య, ఇంక పడుకుంటారనుకున్నాను.”