ఆఖరున వచ్చిన పడవ

హుస్సేన్‌సాగర్‌లో పడవ పందేలు రేపే. జెండాలు కుట్టి పంజగుట్ట సేవా క్లబ్బుకు తెచ్చిన దర్జీని కార్యదర్శి కూర్చోబెట్టాడు.

“పాప ఎలా ఉందండీ?”

“మీరిచ్చిన చెవి మిషన్‌తోని మంచిగ ఇనబడుతుంది సార్. నిరుడు పందెంల గెలిచినోళ్లే కొనిచ్చిన్రా? జర చూపెట్టున్రి, దండం పెడత.”

“గెలిచినవాళ్లు కాదండీ. ఆఖరున వచ్చిన పడవవాళ్లే ఓ పాపకి మిషన్ కొనివ్వాలి. అదీ మా క్లబ్బు పద్ధతి.”

“గట్లనా! ఆఖరున ఎవరొచ్చిన్రు?”

“మేమే. గెలిచిన మైత్రీవనం సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఏడాదిగా ఒకటే ఎగతాళి!”

దర్జీ లేచి చేతులు జోడించాడు.

“మీరు ఓడవట్టే నా బిడ్డ నన్ను ‘నాయినా’ అని పిలిచింది సార్. రేపు మీరే గెలవాలని మొక్కుకుంట.”

కార్యదర్శి ఆ చేతులు పట్టుకున్నాడు.

“అంత పని చేయకండి. రేపు కూడా మేమే ఆఖరున రావాలని మొక్కండి.”