ముగ్గుకి పట్టిన చీమలు

రా జయకృష్ణా, ఆ స్టూలు లాక్కుని కూర్చో. కాలు కాస్త ఊగుతుంది, పడదులే. మావాడు పారేస్తానంటాడు, నేనే పారెయ్యనివ్వను. ఏవిటీ, రేపు పార్కులో మీ తాతగారి విగ్రహానికి ముసుగు తీసేప్పుడు నేను మైకులో నాలుగు ముక్కలు మాట్లాడాలా? ఈ గవర్నర్‌పేటలో వెంకటకృష్ణారావుగారిని ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానా ఏం? సర్లే. అసలా పార్కుందే, అప్పట్లో అదంతా చెత్తకుప్ప. మీ తాతగారు కౌన్సిలరయ్యాక అక్కడ పిల్లలు ఆడుకోవాలన్నారు. మేం నవ్వాం. ఆయన కుప్ప పక్కనే కుర్చీ వేసుకుని, లారీలొచ్చేదాకా లేవనని కూర్చున్నారు. ఆ కంపులోనే కాఫీ తాగేవారు, మహానుభావుడు. పదకొండో రోజుకి మాకే సిగ్గేసి పారలు పట్టుకెళ్లాం.

పార్కయితే అయింది, మరి దారేదీ? ఈ సందులో రిక్షా దూరితే పక్కన మనిషి పట్టేవాడు కాదు. వెడల్పు చెయ్యాలన్నారు. ముగ్గు డబ్బా పట్టుకుని ఆయనే పొద్దున్నే వచ్చి గీత పోసేవారు. గీత ఎక్కడ పడితే అక్కడిదాకా కొట్టెయ్యడమే. అది సరిగ్గా నా గుమ్మం దాటి మూడడుగులు లోపలికొచ్చింది. అప్పుడిది స్టవ్వుల రిపేరు షాపు. ఇప్పుడు మావాడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడనుకో, ఆ రంగులు ఎవరు కొంటారో ఏవిటో. మొత్తం షాపే ఎనిమిదడుగులు. మూడు పోతే ఇంకేం మిగులుతుంది? ఇంట్లో ఇద్దరు పిల్లలు.

మిట్టమధ్యాహ్నం, ఎండకి కుక్క కూడా తిరగని వేళ చూసి, తడి గోనెపట్టాతో ఆ గీత తుడిచేశాను. గుమ్మం బయట కొత్త గీత పోశాను. ముగ్గెక్కడిదంటావా? మా సంపూర్ణమ్మ డబ్బాలోది. మా ఆవిడ బియ్యప్పిండి కలపందే ముగ్గు పెట్టదు, ఆ సంగతి నాకు తట్టలేదు. మర్నాడు మీ తాతగారు మేస్త్రీని వెంటబెట్టుకొచ్చేసరికి గీత పొడుగునా చీమలు. వంగి చూశారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. “బసవయ్యగారూ, మున్సిపాలిటీ ముగ్గు మీ చీమలకి బాగా నచ్చినట్టుందే” అన్నారు. అంతే. మేస్త్రీ వైపు తిరిగి, “ఇదే గీత. తగ్గింది అవతలి వైపు తీసుకో” అన్నారు.

అవతలి వైపు ఏముంది? మీ ఇల్లే. మీ ఇంటికి అరుగెందుకు లేదో ఎప్పుడన్నా అడిగావా? మీ నాయనమ్మ వెంకటరత్నమ్మగారు సాయంత్రమైతే ఆ అరుగు మీదే పూలు కట్టుకుంటూ వీధిలో పోయేవాళ్లందర్నీ పలకరించేవారు. అది కొట్టేశాక తొమ్మిది రోజులు ఆయనతో మాట్లాడలేదట. మాట కలిపాక, ఊరందరికీ పార్కు, నాకు కూర్చునే చోటు లేదు అని ఒకటే సాధింపు. ఆయన అన్నీ పడ్డారుగానీ నా పేరు మాత్రం చెప్పలేదు. పోయేదాకా చెప్పలేదు.

అరుగు పోయాక ఆవిడ పూలబుట్ట పట్టుకుని ఇక్కడికొచ్చి కూర్చునేవారు. పదిహేనేళ్లు వచ్చారు. “మీ షాపన్నా నిలిచింది, అదృష్టవంతులు” అనేవారు, మనసులో ఏం పెట్టుకోకుండా. వచ్చినప్పుడల్లా చెప్పేద్దామనుకునేవాణ్ణి, తీరా నోరు తెరిచి టీ తెప్పించేవాణ్ణి. ఇప్పటికీ సిగ్గుగానే ఉందిరా అబ్బాయ్. రేపు మైకిస్తే ఇదే చెబుతాను, నువ్వు ఊఁ అంటే. అదేవిటి, లేచావు? కూర్చో నాయనా, అది ఆవిడ స్టూలే. … ఇంతకీ టీ తాగుతావా?