గిర్దావర్ వచ్చిన దినం మా అవ్వ మెడల గుండ్లు

ఏమన్నవే? మళ్లొక్కసారి అను. రేపు ఎమ్మార్వో ఆఫీసుకు మీ అమ్మను పాత చీర కట్టుకొని రమ్మన్నవా? జరీ చీర చూస్తే ఆదాయం సర్టిఫికెట్ ఇయ్యరనా? నీ కాలేజీ ఫీజు ఆగిపోతదనా?

ఫోను పక్కకు వెట్టు. ఇట్ల కూసో.

నేను మెట్రిక్ పాసై నిజామాబాద్ కాలేజీకి పోవాలె అన్నప్పటి మాట ఇది. మాది బోధన్ అవుతల, వర్ని బాటల, కాలువ పక్కపొంటి ఊరు. గప్పుడు బోధన్ నుంచి నిజామాబాద్‌కు బస్సు చార్జి బారాణనో ఏమో... కాదు కాదు, రూపాయే కావచ్చు. ఏదైతేంది, అదిగూడ లేకుండె. స్కాలర్‌షిప్ వస్తేనే హాస్టల్, హాస్టల్ ఉంటేనే కాలేజీ. లేకుంటే లగ్గానికి మా మేనబావ తయారుగ ఉండె. మంచోడే పాపం. కానీ బర్లతోని మాట్లాడినంత గూడ మనుషులతోని మాట్లాడకపోయేది.

దరఖాస్తు వెట్టినంక, గిర్దావర్ ఇంటికొచ్చి చూసిపోతడన్నరు. గిర్దావర్ అంటే తహసీల్దార్ కింద ఊర్లు తిరిగి విచారణ చేసెటోడు. బీదోళ్లేనని ఆయన రాస్తే పైసలొస్తయి, లేకుంటే లేదు. గంతే.

మా అవ్వకు, నన్ను కన్న తల్లికి, వినవడ్డది ఒక్కటే ముక్క, ఆఫీసరు మనింటికొస్తుండని. ఇగ చూడు! పక్కింటి చంద్రవ్వ దగ్గర కుర్సీ తెచ్చింది, ఇత్తడి గ్లాసు తెచ్చింది, పొట్లమంత చక్కెర తెచ్చింది. చంద్రవ్వ పెనిమిటిది చక్కెర ఫ్యాక్టరీల నౌకరి, వాళ్లింట్ల చక్కెర ఉండేది. చెరుకు కొట్టెటోళ్లం మేమైతే బెల్లం చాయే తాగేది. ఎదురింటి గంగవ్వ బంగారు గుండ్ల పేరు అడుక్కొచ్చి మెడల ఏసుకున్నది.

"అవ్వా, మనం బీదోళ్లమని చూపియ్యాలెనే" అన్న.

"ఇంటికొచ్చినోనికి మన లేమి చూపిస్తరా ఎవ్వలన్న? సదువుకున్నవు, గంత తెలివి, ఇకమతు లేదా?" అని నన్నే గదిరిచ్చింది.

గిర్దావర్ సైకిల్ మీద వచ్చిండు. కుర్సీల కూసున్నడు, చక్కెర చాయ ఒక్క గుటక తాగిండు, ఇల్లంత చూసిండు.

"బాగనే ఉన్నరు గదా?" అన్నడు.

మా బాపు కాదనలే. "మీ దయ సార్" అని చేతులు కట్టుకున్నడు. బాగున్నవంటే కాదనే మొగోన్ని నేను ఇప్పటిదాక చూడలే బిడ్డా.

"నీ భార్య ఏం పని చేస్తది?"

"ఏం చెయ్యది సార్. ఇంట్లుంటది."

ఆఁ, ఇంట్లుంటది! పొద్దు పొడిస్తే చెరుకు తోటల ఉండేది. చెరుకాకు నీకు ఎరకనే గదా, కత్తి లెక్క ఉంటది. మా అవ్వ చేతులు యేడాది పొడుగుత కోసుకపోయే ఉండేటివి. గా చేతులు కొంగు కింద దాపెట్టుకొని, మెడ మాత్రం కనవడెటట్టు నిలవడ్డది.

గిర్దావర్ జేబులకెళ్లి కలం తీసిండు. నా కండ్లల్ల మేనబావ, ఆయన బర్లు! దొడ్డి దిక్కుకెళ్లి ఉరికిన.

"చిన్నమ్మా, వచ్చి నీ కుర్సీ తీస్కపో. సార్ ముంగటనే అడుగు" అన్న చంద్రవ్వతోని.

"పిచ్చిదానా, మీ అవ్వ ఇజ్జత్ పోతదే."

"పోనీ" అన్న. ఎట్లొచ్చిందో గా మాట నోట్లెకెళ్లి. గంగవ్వకు గూడ గదే చెప్పిన.

చంద్రవ్వ వచ్చింది. "సార్, జర లేస్తరా? కుర్సీ నాది. మా ఆయన డ్యూటీ దిగొస్తడు, కుర్సీ లేకుంటే నన్ను బతకనియ్యడు" అన్నది. గిర్దావర్ లేచి నిలవడ్డడు, చేతిల చాయ. "తాగుడైతే గ్లాసు గూడ ఇయ్యున్రి" అన్నది. ఇప్పుడు నవ్వుతున్నవు గానీ, గప్పుడు ఎవ్వలం నవ్వలే.

గంగవ్వ అయితే గడప కాడ నిలవడి మా అవ్వ మెడ దిక్కు చూసింది. అవ్వకు అర్థమైంది. గుండ్ల పేరు ముడి ఇప్పాలంటే రెండు చేతులు గావాలె గదా. కొంగు కిందికెళ్లి చేతులు బయటికి తీసింది. గిర్దావర్ అప్పుడు చూసిండు గా చేతులు. చూసి, తల వంచుకొని రాసుకున్నడు.

స్కాలర్‌షిప్ వచ్చింది.

గా దినం మాత్రం బాపు గోడకు ఒరిగి బీడీ ముట్టిచ్చిండు. గిర్దావర్ సైకిలెక్కి పోయిండు. సిగ్గంత ఆడోళ్లకే మిగిలింది, నాకు, మా అవ్వకు. అవ్వ చీపురు వట్టుకొని కుర్సీ ఉన్న జాగ ఊడ్చింది. ఊడ్చిన జాగనే మళ్ల ఊడ్చింది. నా దిక్కు మాత్రం చూడలే. దొడ్డి దిక్కు నేను ఉరికింది చూసిందో ఏమో. నేను చెప్పలే, ఆమె అడగలే.

తప్పు చేసిన్నని నేనంటలేను. గది చెయ్యకుంటే నౌకరి లేదు, పింఛన్ లేదు. మల్ల సిగ్గెందుకంటవా? కడుపు మాడుతున్నదని మాటతోని చెప్తే నమ్మకపోయిరి బిడ్డా. ఇల్లు ఇప్పి చూపియ్యాలె, ఒళ్లు ఇప్పి చూపియ్యాలె. గా చూపిచ్చే పని నా చేతుల వడ్డది. ఇన్నేండ్లాయె, ఇప్పటికి గూడ ఎవ్వలింట్లనన్న కుర్సీల కూసోమంటే నాకు ఒళ్లు ముడుచుకుంటది.

హాస్టల్‌కు పోయే దినం అవ్వ బస్సు దాక వచ్చింది. కొంగు ముడి ఇప్పి చిన్న పొట్లం నా చేతిల వెట్టింది. చక్కెర. చంద్రవ్వ వాపస్ అడగలేదట. "ఆడ నీ గదికి ఎవ్వలన్న వస్తే బెల్లం చాయ పొయ్యకు" అన్నది. గంతే. బస్సు కదిలింది.

మీ అమ్మ ఏ చీర కట్టుకుంటదో కట్టుకోనియ్యి. అడిగితే చెప్పు, చీర మా అమ్మమ్మ వెట్టింది, మా నాయిన నడిపే ఆటో కిరాయిది అని. నువ్వు చెప్పు, గట్టిగ చెప్పు. ఆమెను మాత్రం ఏమీ ఇడువుమనకు. సల్లగుండు బిడ్డా, మంచిగ సదువుకో... లే, పోయి మీ అమ్మకు ఇంత చాయ పెట్టియ్యి. చక్కెర జరంత ఎక్కువనే...